డాడ్జర్స్ 2025: 93 గెలుపుల టీమ్ కప్పు ఎలా నిలబెట్టుకుంది?

#1 లెక్కల మాస్టారు

సంబరాలూ తిట్లూ రెండూ సద్దుమణిగాయి కాబట్టి, ఇప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం.

1998, 1999, 2000ల్లో యాంకీస్ వరసగా మూడు గెలిచాక, వరల్డ్ సిరీస్ (అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ ఫైనల్) కప్పును మరుసటి ఏడు కూడా తన దగ్గరే ఉంచుకున్న టీమ్ ఈ డాడ్జర్స్ దాకా లేదు. నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లో ఒక సగం) వరకే చూస్తే 1975-76 సిన్సినాటి రెడ్స్ తర్వాత ఇదే. మధ్యలో కప్పు పట్టుకున్నవాళ్ల గతి చూడండి. 1997లో గెలిచిన ఫ్లోరిడా మార్లిన్స్ ఆటగాళ్లను తెగనమ్మి 1998లో 54 గెలిచి 108 ఓడింది. 2013లో గెలిచిన రెడ్ సాక్స్ మరుసటి ఏడు డివిజన్‌లో అట్టడుగు. 2023 చాంపియన్ రేంజర్స్ 2024లో 78-84. 2001లో యాంకీస్, 2009లో ఫిలీస్ ఆఖరి మెట్టు దాకా వచ్చి జారారు.

2025 లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ మీద మార్చిలో అంచనాలు ఆకాశంలో ఉన్నాయి. నూట ఇరవై గెలుస్తారన్నవాళ్లూ ఉన్నారు. చివరికి వచ్చింది 93-69. బ్రూవర్స్ 97, ఫిలీస్ 96 గెలిచాయి. అంటే మనవాళ్లు లీగ్‌లో మూడో సీడ్, తొలి రౌండ్‌లో బై (ఆడకుండానే రెండో రౌండ్‌కు వెళ్లడం) కూడా లేదు. ఆ టీమే నవంబర్ 1న టొరంటోలో, అక్కడి బ్లూ జేస్ మీద ఏడో మ్యాచ్ గెలిచి కప్పెత్తింది.

నా వాదన ఒక్కటే: ఈ కప్పు ఏప్రిల్-ఆగస్టుల మధ్య గెలిచింది కాదు. ఆ అయిదు నెలలూ పిచర్ల (బంతి విసిరేవాళ్ల) చేతులు దాచుకుని, అక్టోబర్‌లో ఖర్చుపెట్టి గెలిచింది. కాదనేవాళ్లు అంకెలతో రండి.

#2 గుంటూరు స్లైడర్

"దాచుకున్నారు" అనడం మరీ మర్యాదగా ఉంది మాస్టారూ. సగం మంది చేతులు వాటంతటవే పాడయ్యాయి. ముందు సీజన్ ఎలా నడిచిందో పెడతా, లేకపోతే కొత్తగా చదివేవాళ్లకు తల తోక తెలియదు.

మార్చి 18, 19 తేదీల్లో టోక్యో డోమ్‌లో కబ్స్ మీద 4-1, 6-3. మూకీ బెట్స్ కడుపు జబ్బుతో బరువు తగ్గిపోయి ఆ రెండూ ఆడలేదు. ఆ రెండిటితో కలిపి తొలి ఎనిమిదీ గెలిచి 8-0. డిఫెండింగ్ చాంపియన్లలో అంత మంచి ఆరంభం మరెవరికీ లేదు, అంతకుముందు 1933 యాంకీస్‌ది 7-0.

జులై 3 నాటికి డివిజన్‌లో 9 మ్యాచ్‌ల ఆధిక్యం. జులై 4న ఆస్ట్రోస్ చేతిలో సొంత మైదానంలో 18-1. అక్కడ మొదలై వరసగా 7 ఓటములు. ఆగస్టు నడిమికి ఆధిక్యం ఆవిరై పాడ్రెస్ ఒక అడుగు ముందుకెళ్లింది. ఆగస్టు 15-17ల్లో ఆ పాడ్రెస్‌నే మూడుకు మూడూ ఓడించి ఊపిరి పీల్చుకున్నారు. సెప్టెంబర్ మొదట్లో పిట్స్‌బర్గ్‌లో మూడు, బాల్టిమోర్‌లో రెండు ఓడారు. అప్పటికి 78-64. ఆఖరి 20లో 15 గెలిచి 93కి చేరారు, పాడ్రెస్ 90 దగ్గర ఆగింది.

పక్క ఊరి ఏంజెల్స్ మీద మాత్రం ఆరుకు ఆరూ ఓడారు. దానికి నా దగ్గర విశ్లేషణ లేదు, నవ్వుకోవడమే.

#3 కొత్తబంతి

క్రికెట్ నుంచి వచ్చినవాణ్ని, ఒక సందేహం. స్కోర్‌కార్డులో "2.1 ఇన్నింగ్స్", "2.2 ఇన్నింగ్స్" అని ఉంటుంది. ఇది దశాంశమా?

#4 లెక్కల మాస్టారు

కాదు. మన ఓవర్ల లెక్కే అనుకోండి. 3.4 ఓవర్లంటే మూడు ఓవర్లు, నాలుగు బంతులు కదా. ఇక్కడ 2.1 అంటే రెండు ఇన్నింగ్స్, మరో ఒక అవుట్. ఇన్నింగ్స్‌కు మూడు అవుట్లు కాబట్టి 2.2 తర్వాత వచ్చేది 3.0. ఈఆర్ఏ (పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చే రన్నుల సగటు) లెక్కేటప్పుడు మాత్రం 2.1ని రెండూ మూడింట ఒకటిగా మార్చుకోవాలి. వచ్చిన రన్నుల్లో ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేసి, 9తో గుణించి, ఇన్నింగ్స్‌తో భాగించాలి. వరల్డ్ సిరీస్‌లో డాడ్జర్స్ పిచర్ యమమోటోది 17.2 ఇన్నింగ్స్, 2 రన్నులు. 18ని 17.67తో భాగిస్తే 1.02.

#5 బుల్‌పెన్ బాబాయ్

అసలు జబ్బు పేరు ఎవరూ ఎత్తట్లేదేం? బుల్‌పెన్, అంటే మ్యాచ్ మొదలెట్టిన పిచర్ (స్టార్టర్) దిగిపోయాక వచ్చే రిలీవర్ల గుంపు.

ట్యానర్ స్కాట్‌కు 4 ఏళ్లకు 7.2 కోట్ల డాలర్లు. కర్బీ యేట్స్‌కు ఏడాదికి 1.3 కోట్లు. బ్లేక్ ట్రైనెన్‌కు 2 ఏళ్లకు 2.2 కోట్లు. ఇవాన్ ఫిలిప్స్ మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ అయి వెళ్లిపోయాడు. ట్రైనెన్ ముంజేతి నొప్పితో నెలలు కూర్చున్నాడు. స్కాట్ 23 సేవ్‌లు (ఆధిక్యాన్ని ఆఖరి దాకా కాపాడి మ్యాచ్ ముగించడం) చేసి, 10 చెడగొట్టాడు, ఈఆర్ఏ 4.74.

స్కాట్‌కు ఏమైందంటే, వింతగా, కంట్రోల్ మెరుగైంది. 2024లో వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కు దక్కే ఉచిత బేస్) ఎక్కువ, హోమ్‌రన్లు మూడే. 2025లో వాక్‌లు తగ్గాయి, హోమ్‌రన్లు 11కి చేరాయి. చెదరగొట్టి వేసే ఎడమచేతి వాణ్ని బ్యాటర్ భయపడుతూ ఆడతాడు. వాడే స్ట్రైక్ జోన్ నడుమకు వేయడం మొదలెడితే ఎదురుచూసి బాదుతాడు. "స్ట్రైకులు వెయ్యి" అన్న సలహా అందరికీ సరిపడే మందు కాదు.

నమూనాకు సెప్టెంబర్ 6, బాల్టిమోర్ చాలు. యమమోటో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్ల దాకా ఒక్క హిట్ ఇవ్వలేదు. జాక్సన్ హాలిడే హోమ్‌రన్ కొట్టాడు, సరే, స్కోరు 3-1. ఇంకొక్క అవుట్ కావాలి. ట్రైనెన్, స్కాట్ ఇద్దరూ కలిసి ఆ ఒక్క అవుట్ తియ్యలేక 4-3తో ఓడించారు.

#6 చక్రి అర్వైన్

బాబాయ్ చెప్పింది నిజమే కానీ రెండో సగం కూడా చెప్పాలి. ఆ రంధ్రాన్ని జులై 31 ట్రేడ్ గడువులో పూడ్చలేదు. బ్రాక్ స్టూవర్ట్‌ను తెచ్చారు, అతనూ కొన్నాళ్లకే భుజం పట్టుకున్నాడు. పెద్ద క్లోజర్ (ఆఖరి ఇన్నింగ్స్ ముగించే పిచర్) కోసం కుర్ర ఆటగాళ్లను ఇవ్వలేదు. అప్పట్లో అందరం తిట్టాం.

వాళ్ల లెక్క వేరే. అక్టోబర్‌లో సెలవు రోజులు ఎక్కువ, కాబట్టి నలుగురు స్టార్టర్లు చాలు. మిగిలిన స్టార్టర్లే రిలీవర్లవుతారు. సెప్టెంబర్‌లో ఆరుగురు ఉన్నారు: యమమోటో, స్నెల్, గ్లాస్నో, ఒహ్తానీ, షీహన్, కర్షా. ఇందులో షీహన్, కర్షా బుల్‌పెన్‌కు. రోకీ ససాకి కూడా.

ససాకి సంగతి విడిగా చెప్పుకోవాలి. తొలి 8 స్టార్ట్‌ల్లో ఈఆర్ఏ 4.72, మే నెలలో భుజం నొప్పితో బయటికి. ఓక్లహామా సిటీలో ట్రిపుల్-ఏ (మేజర్ లీగ్‌కు ఒక మెట్టు కింది) జట్టుతో తిరిగి సాధన చేస్తూండగా రిలీవర్‌గా వేయించి చూశారు. ఒక్క ఇన్నింగ్సే కాబట్టి బలం దాచుకోనక్కర్లేదు, ఫాస్ట్‌బాల్ మళ్లీ గంటకు 160 కిలోమీటర్ల దగ్గరికొచ్చింది. రెండే పిచ్‌లు చాలు, ఫాస్ట్‌బాల్, స్ప్లిటర్. సెప్టెంబర్ 24న తిరిగొచ్చి, పోస్ట్‌సీజన్‌లో (రెగ్యులర్ సీజన్ తర్వాతి నాకౌట్ రౌండ్లలో) 3 సేవ్‌లు. రెండో రౌండ్‌లో ఫిలీస్ మీద నాలుగో మ్యాచ్‌లో 8, 9, 10 ఇన్నింగ్స్‌లు, తొమ్మిది మందీ వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లారు.

#7 ఓరుగల్లు ఫ్యాన్

అన్నా ఇదంతా మంచిగనే ఉంది గని, అసలు ముచ్చట పైసలు కాదా? స్నెల్‌కు 5 ఏండ్లకు 18.2 కోట్ల డాలర్లు, టియోస్కర్‌కు 3 ఏండ్లకు 6.6 కోట్లు, ఎడ్‌మన్‌కు 5 ఏండ్లకు 7.4 కోట్లు, కన్‌ఫర్టోకు ఏడాదికి 1.7 కోట్లు. గింత వెట్టి కొన్నంక గెల్వకుంటెనే వింత.

#8 లెక్కల మాస్టారు

ఫ్యాన్ గారూ, పైసల లెక్క పూర్తిగా వేద్దాం, బాగుంటుంది.

2025లో లగ్జరీ ట్యాక్స్ గీత (జీతాల మొత్తం ఇది దాటితే క్లబ్బు లీగ్‌కు పన్ను కట్టాలి) 24.1 కోట్ల డాలర్లు. దాని పైన మెట్లుంటాయి. వరసగా మూడు, అంతకు మించి ఏళ్లు గీత దాటిన క్లబ్బుకు రేట్లు ఇవి: 24.1 నుంచి 26.1 దాకా 50 శాతం, 26.1 నుంచి 28.1 దాకా 62, 28.1 నుంచి 30.1 దాకా 95, ఆ పైన 110. డాడ్జర్స్ ట్యాక్స్ లెక్కకొచ్చే జీతాల మొత్తం సుమారు 41.7 కోట్లు. మొదటి మూడు మెట్లకూ కలిపి 1 కోటి, 1.24, 1.9, మొత్తం 4.14 కోట్లు. పైనున్న 11.6 కోట్లకు 110 శాతం అంటే 12.8 దాకా. మొత్తం 16.9 కోట్ల డాలర్లు, ఒక్క ఏడాది పన్ను, లీగ్ చరిత్రలో రికార్డు. చాలా క్లబ్బుల మొత్తం జీతాలు అంతుండవు. డబ్బే కాదు, 28.1 కోట్లు దాటితే డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునేచోట) తొలి పిక్ పది స్థానాలు వెనక్కి పోతుంది.

అదే ఏడు మెట్స్‌ను చూడండి. హ్వాన్ సోటోకు 15 ఏళ్లకు 76.5 కోట్లు ఒప్పుకున్నారు, జీతాల్లో డాడ్జర్స్ తర్వాత వాళ్లే. 83-79తో ఆఖరి రోజున ప్లేఆఫ్ బయటికి. డాడ్జర్స్‌లోనే కన్‌ఫర్టో .199 సగటుతో కొట్టి అక్టోబర్ జాబితాలోనే లేడు. స్కాట్ కథ బాబాయ్ చెప్పాడు.

డబ్బు కొన్నది గెలుపును కాదు, పాడైతే తట్టుకునే విడి భాగాల్ని.

#9 ఓరుగల్లు ఫ్యాన్

విడి భాగాలు కొనుడు గూడ పైసలతోనే కదా మాస్టారూ 😄 సరే, ఒప్పుకుంట. మరి ఒహ్తానీ 70 కోట్ల కాంట్రాక్టుల 68 కోట్లు తర్వాతనే ఇస్తరంట గదా. ట్యాక్స్ ఎగ్గొట్టుడు కాదా అది?

#10 చక్రి అర్వైన్

ఏడాదికి 20 లక్షల డాలర్లు ఇప్పుడు, మిగిలిన 6.8 కోట్లు 2034-2043 మధ్య, వడ్డీ లేకుండా. పదేళ్ల తర్వాత వచ్చే రూపాయి విలువ ఇవాళ్టి రూపాయి కాదు కాబట్టి, లీగ్ ట్యాక్స్ లెక్కకు దాన్ని ఏడాదికి సుమారు 4.6 కోట్లుగా వేసుకుంటుంది. 7 కోట్లు కాదు, 20 లక్షలూ కాదు. పైగా ఆ వాయిదా సొమ్ముకు సరిపడా నిధిని క్లబ్బు ముందే విడిగా పెట్టాలి. నిబంధన అన్ని క్లబ్బులకూ ఒకటే. వాడుకునే తెగువ మాత్రం అందరికీ లేదు.

#11 నాలుగో అవుట్

ఒహ్తానీని పిచర్‌గా వెనక్కి తెచ్చిన తీరు గురించి ఒక ముక్క. నాకు ఈ సీజన్‌లో అన్నిటికన్నా నచ్చిన పని అది.

2023 సెప్టెంబర్‌లో మోచేతి ఆపరేషన్, 2024 నవంబర్‌లో ఎడమ భుజానికి ఇంకోటి. మామూలు పిచర్‌ను మైనర్ లీగుకు పంపి అక్కడ నాలుగైదు మ్యాచ్‌లు వేయించి తెస్తారు. ఇతన్ని పంపితే పైన బ్యాట్ పోతుంది. అందుకని మేజర్ లీగ్ మ్యాచ్‌నే సాధన మైదానం చేశారు. జూన్ 16న పాడ్రెస్ మీద ఒక్క ఇన్నింగ్స్ వేసి దిగిపోయాడు, బ్యాటింగ్ కొనసాగించాడు. తర్వాత ఒకటి, రెండు, మూడు అంటూ మెల్లగా పెంచారు. మొత్తం 47 ఇన్నింగ్స్, 62 స్ట్రైకవుట్లు, ఈఆర్ఏ 2.87. బ్యాట్‌తో 55 హోమ్‌రన్లు, క్లబ్ రికార్డు.

ఇది కుదరడానికి రెండు నిబంధనలు సాయం. ఒకటి, 26 మందిలో పిచర్లు 13కి మించకూడదు, కానీ టూ-వే (బంతీ బ్యాటూ రెండూ పట్టే) ఆటగాడు ఆ 13లో రాడు. అంటే వీళ్లకు 14వ పిచర్ ఉన్నట్టే. రెండు, స్టార్టింగ్ పిచర్‌గా దిగి బ్యాటింగ్ కూడా చేసేవాడు బంతి వదిలేశాక డీహెచ్‌గా (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాడిగా) కొనసాగవచ్చు.

రెండోదానిలో మెలిక ఉంది. స్టార్టర్‌గా దిగితేనే ఈ వెసులుబాటు. డీహెచ్‌గా మొదలై మధ్యలో రిలీవర్‌గా వస్తే టీమ్‌కు డీహెచ్ పోతుంది. బంతి వదిలాక అవుట్‌ఫీల్డ్‌లో నిలబడాలి, లేదా బ్యాట్ వదులుకోవాలి. వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో మూడు రోజుల విశ్రాంతితో అతన్నే ఎందుకు స్టార్ట్ చేయించారని తిట్టినవాళ్లు దీన్ని చూసుకోవాలి. వాడాలనుకుంటే మొదట్లోనే వాడాలి.

#12 టొరంటో తమ్ముడు

తిట్టినవాళ్లలో మా ఊరివాళ్లు ఎవరూ లేరు అన్నా, అందరం సంతోషించాం. మూడో ఇన్నింగ్స్‌లో బిషెట్ మూడు రన్నుల హోమ్‌రన్ ఆ పిచర్ మీదే కదా. అలసిన స్లైడర్, వంపు తిరగకుండా నడిమధ్యకు.

#13 కొత్తబంతి

రెగ్యులర్ సీజన్‌లో బ్రూవర్స్ చేతిలో ఆరుకు ఆరూ ఓడి, అక్టోబర్‌లో అదే టీమ్‌ను 4-0 ఎలా చేశారు? క్రికెట్‌లో అయితే ఫిక్సింగ్ అనేవాళ్లు.

#14 గుంటూరు స్లైడర్

ఆ ఆరు మ్యాచ్‌లూ జులై 7-9, 18-20 తేదీలవి. స్నెల్ భుజం నొప్పితో ఏప్రిల్‌లోనే వెళ్లి ఆగస్టు 2న గానీ రాలేదు. ఒహ్తానీ ఆ ఆరింటిలో బంతి పట్టలేదు. యమమోటో జులై 7న మొదటి ఇన్నింగ్స్ కూడా పూర్తి చెయ్యకుండా 5 రన్నులిచ్చాడు. మ్యాక్స్ మన్సీ జులై 2న మోకాలికి దెబ్బ తగిలి లేడు.

అక్టోబర్‌లో పిచర్ల వరస ఇది:

స్నెల్, 13వ తేదీ: 8 ఇన్నింగ్స్, ఒక్క హిట్, 10 స్ట్రైకవుట్లు. 2-1.
యమమోటో, 14: తొమ్మిదీ తనే, 111 పిచ్‌లు. తొలి పిచ్‌కే చూరియో హోమ్‌రన్ ఇచ్చి, ఆ తర్వాత తలుపు మూసేశాడు. 5-1. పోస్ట్‌సీజన్‌లో 2017 వెర్లాండర్ తర్వాత మొదటి కంప్లీట్ గేమ్.
గ్లాస్నో, 16: 3-1.
ఒహ్తానీ, 17: ఆరు ఇన్నింగ్స్ పైన, 2 హిట్లు, 10 స్ట్రైకవుట్లు. బ్యాట్‌తో మూడు హోమ్‌రన్లు, ఒకటి 469 అడుగులు. 5-1.

నాలుగు మ్యాచ్‌ల్లో బ్రూవర్స్‌కు మొత్తం 4 రన్నులు. వాళ్ల పద్ధతి ఎదుటి స్టార్టర్‌ను త్వరగా అలసగొట్టి, బుల్‌పెన్ మీద పడి, సింగిల్స్‌తో, బేస్ దొంగతనాలతో గెలవడం. స్టార్టర్ ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా దిగకపోతే ఆ బుల్‌పెన్ కనపడనే కనపడదు. బాబాయ్ చెప్పిన జబ్బుకు వైద్యం చెయ్యలేదు, దాచిపెట్టారు.

#15 బుల్‌పెన్ బాబాయ్

దాచిపెట్టడమే వైద్యం అబ్బాయ్.

స్కాట్ గురించి ఒక నిబంధన కలుపుతా. ఫిలీస్ సిరీస్ నడుమ చిన్న శస్త్రచికిత్స చేయించుకుని జాబితా నుంచి తప్పుకున్నాడు. సిరీస్ మధ్యలో గాయంతో ఎవర్నైనా మారిస్తే, ఆ మనిషి తర్వాతి రౌండ్‌కు కూడా అనర్హుడు. కాబట్టి బ్రూవర్స్ మీద అతన్ని వాడాలనుకున్నా కుదరదు. మేనేజర్ డేవ్ రాబర్ట్స్‌కు ఆ ప్రలోభమే లేకుండా పోయింది.

ఫిలీస్ సిరీస్ 3-1 అని చూసి తేలిగ్గా అయిందనుకోకండి. రెండో మ్యాచ్ తొమ్మిదిలో 4-1 కాస్తా 4-3 అయింది, రెండో బేస్ మీద మనిషి, అవుట్లు సున్నా. ఫిలీస్ బ్యాటర్ స్టాట్ బంట్ చేస్తాడని (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తడతాడని) తెలిసి వీల్ ప్లే పన్నారు. మూడో బేస్‌మన్ మన్సీ ముందుకు దూకి బంతి పట్టాడు, షార్ట్‌స్టాప్ బెట్స్ ఖాళీ అయిన మూడో బేస్‌కు పరిగెత్తి అందుకుని ట్యాగ్ చేశాడు. బంట్ కాకుండా స్టాట్ బ్యాట్ ఊపి ఉంటే ఎడమ వైపు మొత్తం ఖాళీ. అంత జూదం. నాలుగో మ్యాచ్ 11వ ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లు, బేస్‌లు నిండుగా. మన పాహెస్ కొట్టిన బంతి ఫిలీస్ పిచర్ కెర్కరింగ్ కాళ్లకు తగిలి పక్కకు పోయింది. మొదటి బేస్‌కు వేస్తే అయిపోయేది. కంగారులో ఇంటివైపు (హోమ్ ప్లేట్‌కు) విసిరాడు, బంతి క్యాచర్‌కు అందలేదు. 2-1.

#16 ఓరుగల్లు ఫ్యాన్

గీ కెర్కరింగ్ ముచ్చట చూస్తే అదృష్టం అనకుంట ఏమనాలె మరి?

#17 నాలుగో అవుట్

అదృష్టమే. ఎవరు కాదన్నారు? కానీ ఆ సమయానికి స్కోరు 1-1గా ఉండటానికి గ్లాస్నో ఆరు ఇన్నింగ్స్, ససాకి మూడు ఇన్నింగ్స్ కారణం.

వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌కు వద్దాం. మన టైములో పొద్దున్న 5:30కి మొదలై మధ్యాహ్నం 12 దాటాక ముగిసిన మ్యాచ్ అది. 18 ఇన్నింగ్స్, 6 గంటల 39 నిమిషాలు, రెండు వైపులా కలిపి 609 పిచ్‌లు. రెగ్యులర్ సీజన్‌లో అయితే 10వ ఇన్నింగ్స్ నుంచి రెండో బేస్ మీద ఉచితంగా ఒక రన్నర్‌ను పెడతారు, తొందరగా తేలిపోతుంది. పోస్ట్‌సీజన్‌లో ఆ ఏర్పాటు లేదు.

ఒహ్తానీ తొమ్మిదిసార్లు బేస్ చేరాడు: 2 హోమ్‌రన్లు, 2 డబుల్స్, 5 వాక్‌లు. అందులో నాలుగు కావాలని ఇచ్చినవే. డాడ్జర్స్ పదిమంది పిచర్లను వాడేసింది. 12వ ఇన్నింగ్స్‌లో బేస్‌లు నిండినప్పుడు కర్షా వచ్చి ఫుల్ కౌంట్‌లో (3 బాల్స్, 2 స్ట్రైకులు) ఒక్క అవుట్ తీశాడు. రిటైరవుతున్నానని సెప్టెంబర్‌లోనే చెప్పిన మనిషి. పదో పిచర్ విల్ క్లైన్, ముందు మూడు రౌండ్ల జాబితాల్లో పేరే లేదు. 4 ఇన్నింగ్స్, 72 పిచ్‌లు, సున్నా. అతని తర్వాత మామూలు రిలీవర్ ఎవరూ మిగల్లేదు. రెండు రోజుల ముందే తొమ్మిది ఇన్నింగ్స్ వేసిన యమమోటో బుల్‌పెన్‌లో చెయ్యి వేడిచేసుకుంటున్నాడు. ఆ గండం ఫ్రీమన్ హోమ్‌రన్‌తో గడిచింది.

#18 టొరంటో తమ్ముడు

గడిచింది గానీ బాకీ మిగిలింది. 4, 5 మ్యాచ్‌లు మావే, 6-2, 6-1. అయిదో మ్యాచ్‌లో స్నెల్ వేసిన మొదటి మూడు పిచ్‌ల్లో రెండు హోమ్‌రన్లు, ష్నైడర్, గెరేరో. మా యెసావెజ్ 12 స్ట్రైకవుట్లు, వరల్డ్ సిరీస్‌లో రూకీ (తొలి సీజన్ ఆటగాడి) రికార్డు. సిరీస్ 3-2, టొరంటోకు తిరుగు ప్రయాణం.

అప్పుడు రాబర్ట్స్ చేసిన మార్పులు, శత్రువునైనా ఒప్పుకుంటా, సరైనవి. బెట్స్‌ను బ్యాటింగ్ వరసలో నాలుగో స్థానానికి దించాడు. పాహెస్‌ను పక్కనే ఉంచి మిగెల్ రోహాస్‌ను ఆడించాడు. పాహెస్ సీజన్‌లో 27 హోమ్‌రన్లు కొట్టినవాడు, పోస్ట్‌సీజన్‌లో 51కి 4 హిట్లే.

ఆరో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్ మాత్రం మాకు జీవితాంతం గుర్తుంటుంది. డాడ్జర్స్ 3-1 ముందు, మా స్ట్రా మొదటి బేస్ మీద. బార్గర్ కొట్టిన బంతి గోడ కింద ప్యాడింగ్‌లో ఇరుక్కుంది. సెంటర్‌ఫీల్డర్ జస్టిన్ డీన్ దాన్ని ముట్టుకోకుండా రెండు చేతులూ ఎత్తాడు. ముట్టుకుంటే ఆట నడుస్తూ ఉన్నట్టు, ఎత్తితే అంపైర్ వచ్చి చూస్తాడు. ఇరుక్కున్నట్టు తేలితే బంతి డెడ్, అందరికీ రెండేసి బేస్‌లే. స్ట్రా మూడో బేస్ దగ్గర ఆగిపోయాడు, లేకపోతే 3-2. ఆ తర్వాత గ్లాస్నో మూడంటే మూడు పిచ్‌లు. క్లెమెంట్ గాల్లోకి, హిమెనెస్ లైన్‌డ్రైవ్ (నేల తాకకుండా దూసుకెళ్లే బంతి) కీకే హెర్నాండెస్ చేతిలోకి, రెండో బేస్ వదిలి ముందుకొచ్చిన బార్గర్ వెనక్కి చేరేలోపు రోహాస్ చేతికి త్రో. డబుల్ ప్లేతో (ఒకే బంతికి రెండు అవుట్లతో) మ్యాచ్ ముగిసింది.

#19 లెక్కల మాస్టారు

ఇప్పుడు నా మొదటి వాదనకు సాక్ష్యం. ఏడో మ్యాచ్ పిచింగ్ లెక్క:

ఒహ్తానీ 2.1, రాబ్లెస్కీ 1.1, గ్లాస్నో 2.1, షీహన్ 1.0, స్నెల్ 1.1, యమమోటో 2.2. కూడి చూడండి, సరిగ్గా 11. అప్పుడో ఇప్పుడో స్టార్టర్లుగా వేసినవాళ్లే అందరూ. కొన్న క్లోజర్, కొన్న సెటప్ (క్లోజర్‌కు ముందు వేసే) మనుషులు ఒక్కరూ లేరు.

యమమోటో అక్టోబర్ 25న 105 పిచ్‌లు, 31న 96, మర్నాడే 34. రెగ్యులర్ సీజన్‌లో అతనికి వారానికొకసారి, అంటే అయిదారు రోజుల విశ్రాంతితో, జపాన్ పద్ధతిలో బంతి ఇచ్చారు. ఆరుగురు స్టార్టర్ల పద్ధతి పెట్టుకున్నదే అందుకు. 173.2 ఇన్నింగ్స్, ఈఆర్ఏ 2.49. ఏప్రిల్ నుంచి నాలుగు రోజుల విశ్రాంతితో తోలి ఉంటే నవంబర్ 1న ఆ 34 పిచ్‌లు ఉండేవా?

#20 బుల్‌పెన్ బాబాయ్

ఆ వాదనకు తల వంచుతా, ఒక్క సవరణతో. "దాచుకోవడం" గ్లాస్నో, స్నెల్ విషయంలో పథకం కాదు, గాయం. స్నెల్ 11 స్టార్ట్‌లు, గ్లాస్నో 18. గాయపడ్డవాణ్ని తొందరపెట్టి తేకపోవడం మాత్రం పథకమే. పిచర్ గాయాల జాబితాలో కనీసం 15 రోజులు ఉండాలి, 60 రోజుల జాబితాలో వేస్తే క్లబ్బు 40 మంది పూర్తి జాబితాలో ఇంకొకరికి చోటు దొరుకుతుంది. వేరే టీమ్ అయితే ఆగస్టులో ఆధిక్యం కరుగుతుంటే కంగారుపడి లాక్కొచ్చేది.

#21 లెక్కల మాస్టారు

సవరణ అంగీకారం. "దాచుకుని" తీసేసి "తొందరపెట్టకుండా" అని చదువుకోండి.

#22 గుంటూరు స్లైడర్

ఏడో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్ గురించి మన దగ్గర తప్పుగా తిరుగుతున్న మాట ఒకటి. టొరంటో రన్నర్ కైనర్-ఫలేఫా నెమ్మదిగా పరిగెత్తాడని. కాదు. స్కోరు 4-4 (అంతకుముందే రోహాస్ ఫుల్ కౌంట్‌లో హాఫ్‌మన్ స్లైడర్‌ను హోమ్‌రన్ కొట్టి సమం చేశాడు). బేస్‌లు నిండుగా, ఒక అవుట్. అతను మూడో బేస్‌కు మరీ దగ్గరగా నిలబడ్డాడు, లైన్‌డ్రైవ్ పడితే డబుల్ ప్లే అవుతుందన్న భయం. ముందు రోజు బార్గర్ అలాగే దొరికాడు కదా. వార్షో కొట్టింది నేలబారుగా రోహాస్‌కు. తూలుతూనే ఇంటికి విసిరాడు. క్యాచర్ విల్ స్మిత్ పాదం ప్లేట్ మీంచి లేచి మళ్లీ ఆనింది, రీప్లేలో చూసి అవుటే అన్నారు. బేస్‌లు నిండితే ఫోర్స్, ట్యాగ్ అక్కర్లేదు, పాదం ఆనితే చాలు. రెండడుగులు ముందు నిలబడి ఉంటే కప్పు కెనడాలో ఉండేది.

మరుసటి బంతి క్లెమెంట్‌ది. అప్పుడే ఫీల్డింగ్ కోసం సెంటర్‌లోకి పంపిన పాహెస్, కీకే మీదెక్కి మరీ పట్టాడు. 51కి 4 కొట్టినవాడు.

#23 టొరంటో తమ్ముడు

పుండు మీద కారం చల్లావు స్లైడర్ అన్నా. 11లో బీబర్ మీద స్మిత్ హోమ్‌రన్, కింద సగంలో గెరేరో డబుల్‌తో మొదలెట్టి కూడా కర్క్ బ్యాట్ విరిగి డబుల్ ప్లే. అదీ చెప్పేసి ముగించండి.

#24 ఓరుగల్లు ఫ్యాన్

తమ్మీ, మీరు బాగనే ఆడిన్రు. మొదటి మ్యాచ్‌ల బార్గర్ కొట్టిన పించ్-హిట్ గ్రాండ్‌స్లామ్ (ఇంకొకరి బదులు వచ్చి, బేస్‌లు నిండినప్పుడు కొట్టిన హోమ్‌రన్) వరల్డ్ సిరీస్ చరిత్రలనే మొదటిది. గది ఎవరు గుంజుకపోతరు?

గని మాస్టారూ, మూడోసారి సంగతేంది? గీ బుల్‌పెన్‌తోనే 2026 అంటే కష్టం గదా.

#25 బుల్‌పెన్ బాబాయ్

2025 డిసెంబర్‌లోనే చేసేశారు: ఎడ్విన్ డియాస్, 3 ఏళ్లకు 6.9 కోట్లు. మెట్స్ నుంచి. స్కాట్ కాంట్రాక్టు 2028 దాకా ఉంది, అతన్ని ఏడో ఇన్నింగ్స్‌కు, ఎడమచేతి బ్యాటర్ల మీదకు వాడుకుంటే ఆ డబ్బులో సగమైనా దక్కుతుంది. కర్షా లేడు. యమమోటో చేతికి ఏప్రిల్‌లో ఎన్ని రోజుల విశ్రాంతి ఇస్తారో చూసి మిగతాది మాట్లాడతా.